బ్రేకు వేశాక ఎంత దూరం

బోయిగూడలో ఉదయ్ భాస్కర్ గారి మేడ మీది గదిని వీధిలో అందరూ రైలు గది అనే పిలుస్తారు. ఆయన పళ్ల డాక్టరు. క్లినిక్కు రాంగోపాల్‌పేట్‌లో ఉంది. తండ్రి కాలంలో భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. గది నాలుగు గోడల వెంబడీ నడుము ఎత్తున చెక్క బల్లలు కొట్టించి, వాటి మీద పట్టాలు పరిచి, ఒక స్టేషను, గూడ్సు యార్డు, ఇనుప వంతెన, వేపచెట్ల వరస అమర్చుకున్నారు. అన్నీ అసలు వాటిలో ఎనభై ఏడో వంతు. గది మధ్యలో నిలబడి బొంగరంలా తిరిగితే రైలు మన చుట్టూ తిరుగుతున్నట్టు ఉంటుంది.

ఆ ఇంటి కింది పోర్షన్‌లో జైతున్ బీ, ఆమె కూతురు షాగుఫ్తా అద్దెకు ఉంటారు. జైతున్ బీ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. షాగుఫ్తా గూడ్సు బండ్ల మీద అసిస్టెంట్ లోకో పైలట్. ఇంజినులో డ్రైవరు పక్క సీటు ఆమెది. వాళ్లది కాజీపేట, రైలింజినుల షెడ్డున్న ఊరు. షాగుఫ్తాకు ఉద్యోగం వచ్చాక ఇద్దరూ సికింద్రాబాదు చేరారు. ఇంజినుల ఊరి నుంచి వచ్చిన పిల్ల అని తెలిసిన రోజునే డాక్టరు గారు ఆమెను మేడ మీదికి పిలిచి తన లోకం చూపించారు. అప్పటి నుంచి ఆదివారం సాయంత్రాలు, డ్యూటీ లేకపోతే, ఆమె కూడా అక్కడే.

ఆదివారాలు ఆయన ఆ గది తలుపు తీసి పెడతారు. వీధిలో వాళ్లు, క్లినిక్కులో పరిచయమైన వాళ్లు వచ్చి చూసి పోతారు. వచ్చిన వాళ్లంతా ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతారు. బొమ్మ ఇంజినుకు కరెంటు ఎట్లా వస్తుంది, పట్టాలు ముట్టుకుంటే షాక్ కొట్టదా అంటే డాక్టరు గారు చెబుతారు. బొమ్మకు కరెంటు పట్టాల్లోంచే వస్తుంది, అది కొట్టేంత కాదు, అసలు రైలుకేమో పైన తీగలోంచి వస్తుంది, దాని దగ్గరికి మాత్రం పోకూడదు అని. పట్టాల కింద కంకర ఎందుకు పోస్తారు, ఆఖరి పెట్టె వెనక ఆ పెద్ద గుణకారం గుర్తు ఏమిటి అంటే షాగుఫ్తా అందుకుంటుంది.

"బండి మొత్తం వచ్చిందని స్టేషనోళ్లకు తెల్వాలె కదా అన్నా. నడుమ తెగి రెండు డబ్బాలు ఎనక ఉండిపోతే? ఆ గుర్తు కనవడ్డదంటే పూరా బండి దాటినట్టు."

ఆయనకు తెలియనివి ఆమె చెప్పేది, ఆమెకు తెలియనివి ఆయన చెప్పేవారు. మన బ్రాడ్‌గేజీకి ఈ బొమ్మ పట్టాల మధ్య ఎడం నిజానికి ఇంకా కాస్త ఉండాలని, ప్రపంచమంతా దొరికే పట్టాలు ఇవే కాబట్టి సర్దుకుపోవాలని ఆయన చెప్పేదాకా ఆమె గమనించనే లేదు.

అట్లా ఉండగా ఎండాకాలం మొదట్లో ఒక పగలు, నిండు సిమెంటు బండి తీసుకుని షాగుఫ్తా కాజీపేట వైపు పోతోంది. లోకో పైలట్ యేసుదాసు. రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి. బీబీనగర్ దాటాక ఒక మలుపు తిరగ్గానే పట్టాల మీద ఒక మనిషి కనిపించాడు. భుజాన సంచీ, చెవిలో ఫోను. వీళ్ల వైపు వీపు పెట్టి నడుస్తున్నాడు. యేసుదాసు హారన్ మీద చెయ్యి తియ్యకుండానే ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు. ఆ మనిషి వెనక్కి తిరిగి చూసింది ఆఖర్న.

బండి ఆగేసరికి ఇంజిను చాలా ముందుకు వచ్చేసింది. రూలు ప్రకారం యేసుదాసు ఫోనులో స్టేషనుకు కబురు చెప్పాడు. షాగుఫ్తా దిగి డబ్బాల వెంబడి వెనక్కి నడిచింది. వెనక నుంచి గార్డు ఎదురు వచ్చాడు. చెయ్యవలసినవి చేశారు. బండి మళ్లీ కదిలింది.

ఇటువంటివి జరిగినప్పుడు రైల్వేలో కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తారు. ఒక డాక్టరమ్మ కూర్చోబెట్టి మాట్లాడింది. షాగుఫ్తా అన్నిటికీ సరిగ్గానే జవాబు చెప్పింది. ఇంటికి వచ్చాకే కష్టం మొదలైంది.

"బ్రేక్ వెయ్యలేదా బేటా?" అని అడిగింది జైతున్ బీ.

"వేసినం అమ్మీ."

"వేస్తే ఆగాలె కదా మరి?"

జైతున్ బీ తప్పు పట్టాలని అడగలేదు. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. కానీ ఆ ప్రశ్న ఆమె ఒక్కతే అడిగి ఊరుకోలేదు. కాజీపేట నుంచి ఫోను చేసిన చుట్టాలు అడిగారు. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి అడిగారు. రెజిమెంటల్ బజార్లో ఆటో స్పేరు పార్టుల దుకాణం నడిపే మేనమామ జాకీర్ ఒక రోజు చాయ్ తాగుతూ, "అంత పెద్ద ఇంజిన్ పెట్టుకొని మనిషిని తప్పించరాలేదారా? జెర పక్కకు కొట్టాలె గదా," అన్నాడు.

"మామూ, దానికి స్టీరింగు ఉండదు," అంది షాగుఫ్తా.

"అరె, నాకు తెల్వదా? మాటకు అంటున్న."

ఆమె లేచి లోపలికి పోయింది.

విశ్రాంతి రోజులు అయిపోయాయి. ఆమె ఇంకా సెలవు పెట్టింది. యార్డు డ్యూటీకి మార్చమని అడుగుదామా అనుకుంది. యార్డులో ఇంజిను మనిషి నడకకన్నా ఎంతో వేగంగా పోదు. తిండి సరిగ్గానే తింటోంది, పడుకుంటోంది, కుట్టు మిషను పక్కన కూర్చుని తల్లికి హుక్సులు కుట్టిపెడుతోంది. మాట మాత్రం తగ్గించేసింది. అడిగితే అవును, కాదు. మేడ మెట్లు ఎక్కడం మానేసింది.

డాక్టరు గారికి విషయం తెలుసు. ఆయన ఏమీ అడగలేదు. ఏమని అడగాలో ఆయనకు తెలియలేదు కూడా. రాంగోపాల్‌పేట్‌లో ఒక ఫంక్షన్ హాల్లో రైలు బొమ్మల వాళ్లంతా కలిసి ప్రదర్శన పెట్టుకుంటున్నారు. ప్రతి సంవత్సరం బల్లలు విడదీసి అక్కడ సర్దడంలో షాగుఫ్తా సాయం చేసేది. ఈసారి ఆయన ఒక్కరే వైర్లు విప్పుకుంటూ, చుట్టుకుంటూ ఉన్నారు.

ఒక మధ్యాహ్నం ఆయన పైనుంచి కేక వేశారు. వంతెన ఉన్న బల్ల ఎత్తి సరిచెయ్యాలి, ఒక్క చేత్తో కావడం లేదు. షాగుఫ్తా వెళ్లింది. ఇద్దరూ కలిసి బల్ల సరిచేశారు. ఆయన పట్టాలు పరీక్షించడానికి గూడ్సు బండి ఒకటి నడిపారు. ఎర్రటి పెట్టెలు, ముందు ఇంజిను. బండి వంతెన దాటి వచ్చింది. ఆయన చేతిలోని కంట్రోలరు బిళ్ల తిప్పగానే టక్కున ఆగింది.

షాగుఫ్తా దాన్ని చూస్తూ నిలబడింది.

"ఇట్ల ఆగది డాక్టర్ సాబ్," అంది.

ఆయన తల ఊపారు. "తెలుసమ్మా. దీని లోపల చిన్న చిప్పు ఉంటుంది. అందులో ఒక నంబరు మారిస్తే నిజం బండిలా మెల్లగా ఆగుతుంది. నేనే తీసేశాను. వచ్చినవాళ్లు ఆపలేక గుద్దేస్తున్నారు, పెట్టెలు కింద పడి విరుగుతున్నాయి."

"ఎంత మెల్లగ ఆగుతది?"

"మనం ఎంత అంటే అంత. నిండు గూడ్సు ఎంత దూరంలో ఆగుతుంది?"

"డెబ్బై మీద పోతుంటే... కిలోమీటరు అనుకోండి. జెర అటో ఇటో."

ఆయన ఫోను తీసి ఎనభై ఏడుతో భాగించారు. పదకొండున్నర మీటర్లు వచ్చింది. ఫోనులోంచి తలెత్తి గోడల వంక చూశారు. ఆయన పట్టాలు ఒక చుట్టు తిరిగితే ఉజ్జాయింపుగా అంతే.

"అంటే ఇక్కడ బ్రేకు వేస్తే," అని వంతెన మీద వేలు పెట్టారు, "గదంతా తిరిగొచ్చి మళ్లీ ఇక్కడే ఆగాలి."

"అట్లనే పెట్టండి," అంది షాగుఫ్తా.

పెట్టడానికి చాలాసేపే పట్టింది. మొదట బండి అర చుట్టులో ఆగింది, తరవాత రెండు చుట్లు తిరిగింది. ఆయన నంబరు మార్చడం, ఆమె "ఇంకా", "ఎక్కువైంది" అనడం. చివరికి సరిపోయింది. ఆయన బిళ్ల సున్నాకు తిప్పితే బండి తనకేమీ పట్టనట్టు స్టేషను దాటింది, యార్డు దాటింది, వేపచెట్ల దగ్గర కాస్త నెమ్మదించి, వంతెన ముందుకు వచ్చి నిలిచింది. 

"నేను ఇన్నేళ్ల నుంచి నడుపుతున్నాను," అన్నారాయన. "ఇది నాకు పుస్తకంలో తెలుసు. ఇట్లా చూడలేదు."

అప్పుడే జైతున్ బీ పైకి వచ్చింది. పొద్దు పోతోంది, అమ్మాయి ఏం చేస్తోందో చూద్దామని. బట్ట మీద గీతలు పెట్టే సుద్దముక్క చేతిలోనే ఉంది. గది చూసి, "బండి మంచిగ పోతుంది," అంది. తరవాత ఊరికే ఉండలేక, "ఈ బొమ్మది ఆగుతది కదా బ్రేకు వేస్తే," అంది.

 షాగుఫ్తా తల్లి చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది.

"నువ్వే ఆపు అమ్మీ."

ఆమె చేతులు చాపి వంతెన పక్క మూల నుంచి పట్టాల వెంబడి ఒక బార కొలిచింది. "మలుపు తిరిగినంక ఆయన మాకు కనవడ్డది ఇంతే దూరంల," అని సుద్దముక్కను పట్టాల మీద అడ్డంగా పెట్టింది. "బండి మూల తిరగంగనే నీకు ఇది కనవడ్తది. కనవడంగనే ఈ బిళ్ల పూరా ఎడమకు తిప్పు. హారన్ కొట్టాలంటే ఇది ఒత్తు."

కంట్రోలరు జైతున్ బీ చేతిలో పెట్టింది. రోజంతా మిషను మీద పని చేసే చేతులు అవి, వణకవు. బండి మూల తిరిగింది. ఆమె వెంటనే బిళ్ల తిప్పేసింది. బండి వేగం తగ్గినట్టే అనిపించలేదు. ఆమె హారన్ ఒత్తింది, మళ్లీ ఒత్తింది, బిళ్లను ఇంకా తిప్పబోయింది. అది తిరగడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇంజిను సుద్దముక్కను తోసుకుంటూ పోయింది. అది పట్టా మీద నుంచి జారి కింద పడింది. బండి ఆగలేదు. స్టేషను దాటింది. జైతున్ బీ కంట్రోలరు పట్టుకుని దాని వెంబడే గది చుట్టూ నడిచింది. యార్డు దాకా, చెట్ల దాకా. అది వచ్చి వంతెన దగ్గర నిలిచినప్పుడు ఆమె కూడా నిలిచింది.

"నేను తిప్పిన," అంది.

"తిప్పినవ్ అమ్మీ. వెంటనే తిప్పినవ్. యేసుదాసు సార్ సుత వెంటనే తిప్పిండు."

జైతున్ బీ అక్కడున్న స్టూలు మీద కూర్చుంది. "మిషిన్ మీంచి కాలు తీసినా రెండు కుట్లు ఎక్కువ పడ్తయ్," అంది తనలో తను. "దానికే చక్రం మీద చెయ్యి పెట్టాలె. గంత బరువు బండికి..." కూతురి ముఖం చూసింది.

"మరి అది ఆగేదాక నువ్వేం చేసినవ్ బేటా?"

ఇన్నాళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"ఏం లేదు," అంది షాగుఫ్తా. "చెయ్యనీకి ఏం ఉండది అమ్మీ. బ్రేక్ వేసినంక ఇగ ఏం ఉండది. సార్ 'అటు చూడకమ్మా' అన్నడు. నేను చూసిన. ఆయన తిరిగిండు. మా దిక్కు చూసిండు. అంత పెద్దాయన కాదు, సార్ కంటే చిన్నోడే. సంచి కింద వెయ్యలేదు. నాకేమనిపించిందంటే... సంచి పడేసి ఉరికితే బతికేటోడు. సంచి ఎందుకు పట్టుకున్నడో. తర్వాత దిగి నడిచిన. సంచిల టిఫిన్ డబ్బా ఉండె. మూత సుత ఊడలే."

జైతున్ బీ లేచి కూతురి తల తన భుజానికి ఆనించుకుంది. షాగుఫ్తా ఏడ్చింది. డాక్టరు గారు గది బయట బట్టలారేసే తీగ దగ్గరకు వెళ్లి నిలబడ్డారు. దూరంగా స్టేషను వైపు నుంచి ఏదో బండి కూత వినపడింది. తల్లీకూతుళ్లు మెట్లు దిగి వెళ్లేదాకా ఆయన లోపలికి రాలేదు.

ఆ రాత్రే జైతున్ బీ తమ్ముడు జాకీర్‌కు ఫోను చేసింది. "నీ దుకాణంల ఎవ్వరన్న అడిగితే నాకు ఫోన్ చెయ్యమను, నేను చెప్త," అంది. తరవాత గుమ్మంలో నిలబడి అడిగిన ఆడవాళ్లకు కూడా ఆమే చెప్పడం మొదలుపెట్టింది. "కిలోమీటరు పోతది. ఇక్కడ వేస్తే ముషీరాబాద్ దిక్కు పోయి ఆగుతది," అని. లెక్క సరిగ్గా అంతే కాకపోయినా వినేవాళ్లకు అర్థమయ్యేది.

ప్రదర్శన నాడు షాగుఫ్తా హాలుకు వచ్చింది. బండి ఆగే తీరు మార్చడం గురించి డాక్టరు గారు అప్పటికే మిగతా వాళ్లకు చెప్పారు. రైలు బొమ్మల సంఘం పెద్ద మధుసూదన్‌కు అది నచ్చలేదు. ఆయన రిటైరైన ఇంజనీరు, ఆవిరి ఇంజినుల బొమ్మలు చేస్తారు.

"భాస్కర్, పిల్లలొస్తారయ్యా ఇక్కడికి. సరదాగా చూసి పోతారు. ప్రమాదాల గురించి చెప్పడానికి వేరే చోట్లున్నాయి. మనకెందుకు?"

"ప్రమాదం గురించి కాదండీ. రైలు ఎట్లా ఆగుతుందో చూపిస్తున్నాం. మీరు ఆవిరి ఎట్లా పుడుతుందో చూపించడం లేదూ?"

మధుసూదన్ ఒప్పుకోలేదు. వాదన కాస్త పెరిగింది. చివరికి షాగుఫ్తానే మధ్యలోకి వచ్చింది. "సార్, పొద్దంతా వద్దు. ఎవరన్న అడిగితేనే చూపిస్త. అడగకపోతే మీ ఇష్టం ఉన్నట్టు నడిపియ్యండి." ఆయన సరేనన్నారు, ముఖం మాత్రం ముడుచుకునే ఉన్నారు.

అడగని వాళ్లు లేరు. రైలుకు బ్రేకు ఉంటుందా, ఎంతసేపటికి ఆగుతుంది అన్నది ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఆమె కంట్రోలరు వాళ్ల చేతికే ఇచ్చేది. పట్టాల మీద ఏమీ పెట్టలేదు. "ఈ చెట్టు దగ్గర ఆపండి," అనేది, అంతే. ఎవరూ ఆపలేకపోయారు. కొందరు నవ్వారు, కొందరు మళ్లీ ప్రయత్నించారు. పూలు అమ్ముకునే ఒకావిడ బండి ఆగేదాకా చూసి, "మేం రోజు పట్టాల మీదికెళ్లే దాటుతం బిడ్డా. బ్రిడ్జి ఎక్కాలంటే మోకాళ్లు నొస్తయ్," అంది. ఆమె ఇక దాటనని అనలేదు. షాగుఫ్తా కూడా దాటవద్దని చెప్పలేదు. "రెండు దిక్కులు చూసి పోండి అమ్మా. చెవిల ఫోను పెట్టుకోకండి," అంది. ఆవిడ తన బుట్టలోంచి కనకాంబరం మాల ఒకటి తుంచి ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం మధుసూదన్ వచ్చి తను కూడా కంట్రోలరు తీసుకుని ఒకసారి తిప్పి చూశారు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. తన ఇంజినుకు ఆ నంబరు ఎంత పెట్టాలని డాక్టరు గారిని అడిగి వెళ్లారు.

వారం తిరక్కుండా షాగుఫ్తా డ్యూటీలో చేరింది. మొదటి బండి యేసుదాసుతోనే పడింది. ఆయనే అడిగి వేయించుకున్నాడని తరవాత తెలిసింది. బీబీనగర్ దాటి ఆ మలుపు రాకముందే ఆయన హారన్ మొదలుపెట్టాడు. ఆమె ముందుకు వంగి చూసింది. పట్టాల పక్కన రెండు మేకలు, తుమ్మపొద, ఎండ. మనుషులెవరూ లేరు.  మలుపు తిరిగాక కూడా ఆమె కాసేపు పట్టాల మీంచి చూపు తియ్యలేదు. యేసుదాసు తన బాటిల్లో నీళ్లు ఆమెకు అందించాడు. "నేను అసిస్టెంటుగ ఉండంగ నాకు మొదటిసారి అయినప్పుడు, ఆరు నెలలు ఆ చోటు రాంగనే కళ్లు మూసుకున్ననమ్మా," అన్నాడు. "డ్రైవర్ సాబే చూసుకునేటోడు. నువ్వు నయం."

కాజీపేటలో బండి అప్పజెప్పి, డ్రైవర్లు దిగే రన్నింగ్ రూములో స్నానం చేసి, అన్నం తినబోతుండగా జైతున్ బీ ఫోను చేసింది.

"చేరినవా?"

"చేరిన అమ్మీ."

"మంచిది. ఒకటి అడుగుత, కోపం చెయ్యకు. పొద్దటి నుంచి అదే సోంచాయిస్తున్న. ఇంజిన్ల బాత్రూం ఉంటదా?"

షాగుఫ్తా చేతిలో ముద్ద పట్టుకుని నవ్వింది. "లేదు అమ్మీ. చాన ఇంజిన్లల్ల ఉండది."

"మరి ఎట్ల?"

"ఎట్ల అంటే... నీళ్లు తక్కువ తాగుతం. స్టేషన్ల ఆపితే దిగి ఉరుకుతం."

"యా అల్లా," అంది జైతున్ బీ. "ఇన్నేండ్లు ఇట్లనే చేస్తున్నవా? నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే కదా."

"ఇప్పుడు అడుగుతున్న. మొదట్నుంచి చెప్పు. ఇంజిన్ ఎక్కినంక ఏం చేస్తవ్ నువ్వు?"

షాగుఫ్తా ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుని, అన్నం కలుపుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది.